పొట్టి చేతికి న్యాయం

సోమవారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో చెలిమిపాలెంలోని రాష్ట్ర కణవిజ్ఞాన సంస్థ గేటు దగ్గర, ఆ సంస్థకున్న ఒకే ఒక్క ద్రవ నత్రజని ట్యాంకు మెడ విరిగింది. ఆ సమయంలో ట్యాంకును ఇద్దరు మనుషులు గేటు లోపలికీ, ఇద్దరు మనుషులు గేటు బయటికీ లాగుతున్నారు. రెండు జట్ల దగ్గరా ఉత్తర్వులున్నాయి. రెండు ఉత్తర్వుల మీదా సంస్థ డైరెక్టర్ సంతకం ఉంది. సంస్థకు డైరెక్టర్లు ఇద్దరు.

ట్యాంకులో తాడి హైమావతి కణాలున్నాయి. ఆమె ఒంట్లోవి కావు. ఐదేళ్లుగా ఆమె పెంచి, మార్చి, గడ్డకట్టించి, చిటికెన వేలంత గొట్టాల్లో దాచినవి. హైమావతి ఆ సంస్థలో పరిశోధక విద్యార్థిని. ఆమె థీసిస్ చూసిన పరీక్షకుడు, ఒక ప్రయోగం మాత్రం మళ్లీ చేసి ఫొటో చూపించమని రాశారు. ఆ కణాలుంటే ఫొటో ఒక నెల పని. లేకపోతే మళ్లీ ఐదేళ్ల పని. ఆమె ఫెలోషిప్ గడువు ఈ ఏడాదితో ముగుస్తుంది.

సంస్థకు ఇద్దరు డైరెక్టర్లు వచ్చింది కూడా ఆ కణాల మూలంగానే.

కణంలో క్రోమోజోములుంటాయి. కణం రెండుగా విడిపోయే ముందు ప్రతి క్రోమోజోముకూ ఒక నకలు తయారవుతుంది. ఒకటి అటు, ఒకటి ఇటు వెళ్లాలి. లాగడానికి రెండు వైపుల నుంచీ దారాలు వస్తాయి. ఆ దారాలు తగులుకునే చోటు క్రోమోజోముకు ఒక్కటే ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు సెంట్రోమియర్. హైమావతికి గైడు అయిన ప్రొఫెసర్ బొంతా యేసుపాదం క్లాసులో దాన్ని కొక్కెం అంటారు. కొక్కేనికి ఒక పక్కనున్న భాగాన్ని పొట్టి చెయ్యి అనీ, రెండో పక్కనున్న భాగాన్ని పొడవు చెయ్యి అనీ శాస్త్రవేత్తలు పిలుస్తారు. ఈ పేర్ల వల్ల ఇబ్బంది వస్తుందని ఎవరూ అనుకోలేదు.

కొక్కెం ఎక్కడుండాలో డీఎన్‌ఏలో రాసి ఉండదు. డీఎన్‌ఏ పోగు ప్రోటీన్ ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. కొక్కెం దగ్గర మాత్రం ఆ ఉండల్లోని ఒక ప్రోటీన్ వేరే రకం. ఆ రకం ఎక్కడుంటే అక్కడ కొక్కెం తయారవుతుంది. నకలు తీసేటప్పుడు అది సగం ఒకదానికీ సగం ఒకదానికీ పోతుంది. తగ్గిన సగాన్ని విభజన పూర్తయ్యాక ఇంకో ప్రోటీన్ వెంటబెట్టుకొచ్చి నింపుతుంది. ఎక్కడ నింపాలో దానికి ఒకటే గుర్తు. పాతది ఎక్కడుంటే అక్కడ.

హైమావతి ఆ వెంటబెట్టుకొచ్చే ప్రోటీన్‌ను పొడవు చేతి చివర కట్టేసింది. అది తెచ్చిన సరుకును అక్కడే దింపింది. అక్కడ రెండో కొక్కెం లేచింది. తర్వాత కణం విడిపోయేటప్పుడు ఒక క్రోమోజోమును ఒక కొక్కెం అటూ, మరో కొక్కెం ఇటూ లాగాయి. క్రోమోజోము మధ్యలో తెగింది. చాలా కణాలు చచ్చిపోయాయి. బతికిన కణాల్లో రెండు కొక్కేల్లో ఒకటి పని మానేసింది.

ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో ఈ వార్త వచ్చింది. రెండో కొక్కెం లేచిన సంగతి వరకు వేశారు. తెగిన సంగతి స్థలం చాలక తీసేశారు. శీర్షిక ఇది: 'రెండో కేంద్రం సాధ్యమే. చెలిమిపాలెం పరిశోధకుల ఘనత.'

ప్రభుత్వం అంతకుముందే సమతుల వికేంద్రీకరణ సంఘం అని ఒకటి వేసి ఉంది. దానికి చైర్మన్ విశ్రాంత అధికారి రామభద్రరాజు. సంఘం ఏర్పడి ఏడాది దాటినా దేన్ని వికేంద్రీకరించాలో తేలలేదు. అడిగిన ప్రతి శాఖా పక్క శాఖను చూపించింది. పత్రికలో శీర్షిక చూసిన వారంలోనే సంఘం చెలిమిపాలెం వచ్చింది.

సమావేశ మందిరంలో యేసుపాదం తెర మీద క్రోమోజోము బొమ్మ వేశారు. రామభద్రరాజు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఇది పొట్టి చెయ్యి. అది పొడవు చెయ్యి. అంతేనా?"

"అవునండి."

"ఈ అసమానత ఎన్నాళ్ల నుంచి ఉందండీ?"

"అది అసమానత కాదండి. కొక్కెం ఒక చివరికి దగ్గరగా ఉంటే ఆ పక్క చెయ్యి పొట్టిగా కనిపిస్తుంది."

"కేంద్రం ఒక చివరికి దగ్గరగా ఉందని మీరే ఒప్పుకుంటున్నారు." రామభద్రరాజు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకో. కేంద్రం పక్కనే ఉన్నప్పటికీ పొట్టి చెయ్యి అభివృద్ధికి నోచుకోలేదు. పొడవు చెయ్యి అభివృద్ధి చెందినప్పటికీ దాని చివరి ప్రాంతానికి కేంద్రం అందుబాటులో లేదు. ఇరుపక్షాలకూ అన్యాయం జరిగినట్టు సంఘం గుర్తించింది."

గుమాస్తా రాసుకున్నాడు.

"సరే. కేంద్రం అక్కడే ఉండాలని డీఎన్‌ఏలో ఎక్కడుంది?"

"ఎక్కడా లేదండి."

"ఉత్తర్వు లేదు."

"లేదండి. నిన్న అక్కడుంది కాబట్టి ఇవాళా అక్కడే ఉంటుంది."

"ఆక్రమణ," అన్నారు రామభద్రరాజు. "కొత్త ప్రోటీన్లను ఎవరు నియమిస్తారు?"

"నియామకం కాదండి. ఒక ప్రోటీన్ వెంటబెట్టుకొచ్చి దింపుతుంది. పాతవి ఉన్నచోట."

"సిఫార్సు మీద వస్తారు, తమవాళ్లున్న చోటే చేరతారు." గుమాస్తా తల ఊపాడు. "ఖాళీలెప్పుడు భర్తీ చేస్తారు?"

"విభజన అయ్యాక. విభజన జరుగుతున్నంతసేపూ కొత్తవి రావండి."

"ఎన్నికల నియమావళి లాంటిదేదో అమల్లో ఉందన్నమాట. అది మాత్రం బాగుంది."

వెనక వరసలో కూర్చున్న హైమావతి లేచి నిలబడింది. "సార్, రెండు కేంద్రాలుంటే క్రోమోజోము తెగిపోతుందండి. ఆ ఫొటోలు కూడా ఉన్నాయి."

"తెగితే ఏమవుతుందమ్మా?"

"ఒకటి రెండు ముక్కలవుతుంది సార్."

"ఒకటి రెండయింది," అన్నారు రామభద్రరాజు గుమాస్తాతో. "సంఖ్యాపరమైన వృద్ధి అని రాయి."

"కణాలు చచ్చిపోతాయి సార్."

"అన్నీ చచ్చిపోతాయా?"

"అన్నీ కావండి. కొన్ని బతుకుతాయి. వాటిల్లో ఒక కేంద్రం పని మానేస్తుంది."

"అది క్రమశిక్షణా చర్యలతో సరిదిద్దదగిన విషయం," అన్నారు రామభద్రరాజు. సమావేశం ముగిసింది. జీడిపప్పు ప్లేట్లు వచ్చాయి.

సంఘం నివేదికను ప్రభుత్వం ఆమోదించింది. ప్రకృతిలో రుజువైన పద్ధతిని మొట్టమొదట దాన్ని రుజువు చేసిన సంస్థలోనే అమలు చేయడం సముచితమని నివేదికలో ఉంది. ఉత్తర్వులోని ముఖ్యభాగం ఇది:

"సంస్థ ఒక్కటే. అది అవిభాజ్యము. సదరు సంస్థకు ఇకపై చెలిమిపాలెం మరియు రాజుబండలలో రెండు పూర్తిస్థాయి కేంద్రములు ఉండును. ఇట్టి కేంద్రములు రెండును సంస్థ యావత్తు మీద సర్వాధికారములను సమానముగా కలిగియుండును. సంస్థ ఆస్తులను పంచుట, భాగించుట, సగము చేయుట వికేంద్రీకరణ స్ఫూర్తికి విరుద్ధము."

చెలిమిపాలెం సముద్రం దగ్గర. రాజుబండ కొండల అవతల, బస్సులో ఒక పగలు పట్టే దూరం. చెలిమిపాలెంలో ఉన్న డైరెక్టర్ డాక్టర్ పరాంకుశం అక్కడే ఉండిపోయారు. రాజుబండకు డాక్టర్ ఓబుల్ రెడ్డి డైరెక్టర్‌గా వచ్చారు. ఇద్దరూ ఒకరికొకరు శుభాకాంక్షలు తెలుపుకున్నారు. ఇద్దరూ మరునాడు సంస్థ మొత్తానికి వర్తించే సర్క్యులర్ నంబర్ ఒకటి జారీ చేశారు. పరాంకుశం సర్క్యులర్ ప్రకారం సిబ్బంది అంతా చెలిమిపాలెంలో హాజరు వేయాలి. ఓబుల్ రెడ్డి సర్క్యులర్ ప్రకారం సిబ్బంది అంతా రాజుబండలో హాజరు వేయాలి. సంస్థ గుమాస్తా ఒకాయన ఇక్కడ వేలిముద్ర వేసి బస్సెక్కి, అక్కడ దిగి వేలిముద్ర వేసి, మళ్లీ బస్సెక్కేవాడు. ఆ నెలలో సక్రమంగా పనిచేసినట్టు రెండు కేంద్రాలూ ఆయనను అభినందించాయి. చేసిన పని ఏమిటో రెండు కేంద్రాలూ చెప్పలేదు.

కణాలు పెంచే ఇంక్యుబేటర్ ముందు రాజుబండ వెళ్లింది. దాంట్లో హైమావతి పెంచుతున్న కణాలు కూడా వెళ్లాయి. రాజుబండ భవనానికి అప్పటికి కరెంటు కనెక్షన్ రాలేదు. ఆ కణాలు పోయాయి. ఇంక్యుబేటర్ వెనక్కి పంపమని పరాంకుశం ఉత్తర్వు ఇచ్చారు. రాజుబండ దాని ఇనప స్టాండు వెనక్కి పంపింది. ప్రస్తుతం ఇంక్యుబేటర్ అక్కడ, స్టాండు ఇక్కడ ఉన్నాయి. పెద్ద సూక్ష్మదర్శిని మాత్రం సిమెంటు దిమ్మకు బోల్టులతో బిగించి ఉండడం వల్ల కదల్లేదు.

దాంతో హైమావతికి మిగిలింది ద్రవ నత్రజని ట్యాంకులో గడ్డకట్టి ఉన్న గొట్టాలే.

ఉత్తర్వులొచ్చిన రెండో నెలలో పరాంకుశం ల్యాబ్‌కు వచ్చారు. ఆయన ల్యాబ్‌కు రావడం ఉద్యోగంలో చేరిన రోజు తర్వాత అదే మొదలని యేసుపాదం చెప్పారు. పరాంకుశం తలుపు దగ్గరగా వేసి అడిగారు.

"అమ్మాయ్, ఆ రెండు కేంద్రాల్లో ఒకటి పని మానేస్తుందన్నావు చూడు. ఏది మానేస్తుంది? పాతదా, కొత్తదా?"

"చెప్పలేమండి సార్. ఒక్కో కణంలో ఒక్కోలా ఉంది."

"మొత్తమ్మీద?"

"ఇంకా తేలలేదండి. పరీక్షకుడు మళ్లీ చేయమన్నది ఆ ప్రయోగమే."

పరాంకుశం కిటికీలోంచి బయటికి చూశారు. "పాతదానికి పునాది ఉంటుంది కదా. అలవాటైన చోటు."

"సైన్సులో అలా అనుకుని చెప్పకూడదండి."

"అనుకోమని నేనన్నానా. త్వరగా చెయ్యి. ఇక్కడే చెయ్యి."

మరునాడు ఓబుల్ రెడ్డి ఫోన్ చేశారు.

"ఏమ్మా, బాగుండావా. ఆ రెండిట్లో ఏదో ఒకటి మూలబడతాదంట కదా. ఏది మూలబడేది?"

"ఇంకా తెలీదు సార్."

"కొత్తదానికి ఊపుంటాది. పాతది అరిగిపోయుంటాది. కాదా?"

"ప్రయోగం చేస్తేనే తెలుస్తుంది సార్."

"అయితే ఈడికి రా. ఇంక్యుబేటర్ మా కాడే ఉంది. ట్యాంకు తెప్పిస్తా."

ఆ వారం సంస్థలో ట్యాంకు గురించి రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. ట్యాంకు చెలిమిపాలెం దాటరాదని ఒకటి. ట్యాంకు రాజుబండ చేరవలెనని ఒకటి.

హైమావతి ఇద్దరు డైరెక్టర్లకూ ఒకే అర్జీ పెట్టుకుంది. గొట్టాలు చాలానే ఉన్నాయి, సగం ఇక్కడా సగం అక్కడా ఉంచితే ఎవరికీ నష్టం లేదు, ఒక చోట ఏదైనా జరిగినా రెండో చోట మిగులుతాయి అని అందులో ఉంది. కణాలు దాచేవాళ్లు ఎక్కడైనా పాటించే పద్ధతి అదే.

పరాంకుశం ఆమెను గదికి పిలిపించారు. "విభజన అనే మాట ఈ గదిలో ఎత్తకు. నీమీద నివేదిక పంపాల్సి వస్తుంది. సంస్థ అవిభాజ్యం. ఆ కాయితం చదివావా లేదా?"

"చదివానండి. సంస్థని కాదండి, గొట్టాలని..."

"ఇవాళ గొట్టాలంటావు."

ఓబుల్ రెడ్డి ఫోన్‌లోనే జవాబిచ్చారు. "సగమా? సగం తీసుకునేకి మేమేమన్నా సగం కేంద్రమా తల్లీ? పూర్తిస్థాయి కేంద్రం అని రాసిచ్చినారు."

యేసుపాదం రాజధాని వెళ్లి రామభద్రరాజును కలిశారు. ఒక్క క్రోమోజోమును రెండు కొక్కేలు చెరో వైపు లాగినప్పుడు ఏం జరుగుతుందో ఫొటోలు పరిచి చూపించారు. రామభద్రరాజు ప్రతి ఫొటో చూశారు.

"ప్రొఫెసర్ గారూ, ఈ ఫొటోలో తెగిన రెండు ముక్కలూ సమానంగా ఉన్నాయా?"

"ఇంచుమించు సమానమేనండి. కానీ..."

"మీరు మొదటి నుంచీ ఏకకేంద్రవాది. దాన్ని నేను తప్పు పట్టను. మీ తరం పెరిగిన పద్ధతి అది."

ఆయన టీ ఇప్పించి పంపారు.

సోమవారం ఉదయం రాజుబండ నుంచి వ్యాన్ వచ్చింది. డ్రైవర్ పేరు దస్తగిరి. వెంట ఒక మనిషి ఉన్నాడు. చెలిమిపాలెం కేంద్రం జీపు డ్రైవర్ సత్తిబాబును, మరో మనిషిని గేటు దగ్గర కాపలా పెట్టారు. దస్తగిరి, అతని మనిషి కలిసి ట్యాంకును చక్రాల పలక మీద గేటు దాకా తోసుకొచ్చారు. అక్కడ సత్తిబాబు అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికండీ?"

"యాడికేంది అన్నా, రాజుబండకి. ఇద్దో ఆర్డరు."

"నా దగ్గరా ఆర్డరుందండీ. గేటు దాటకూడదంట."

ఇద్దరూ కాయితాలు మార్చుకుని చదివారు. కిందున్న ముద్ర ఒకటే.

"రెండూ నిజమే ఉండాయి," అన్నాడు దస్తగిరి.

"అవునండి. మరిప్పుడేం చేద్దాం?"

"మా సారు ట్యాంకు లేకుండా రావద్దన్న్యాడు."

"మా సారు అది పోతే నువ్వూ పోతావన్నాడు."

ఇద్దరూ ఫోన్లు చేశారు. ఇద్దరికీ వెనక్కి తగ్గవద్దనే జవాబు వచ్చింది. సత్తిబాబు ఫోన్ జేబులో పెట్టుకుని ట్యాంకు ఒక పిడి పట్టుకున్నాడు. దస్తగిరి రెండో పిడి పట్టుకున్నాడు. మిగిలిన ఇద్దరూ చెరో వైపు చేరారు. హైమావతి ల్యాబ్ మెట్ల మీద నుంచి పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, వదిలెయ్యండి. ఎవరో ఒకరు. ఎవరైనా సరే."

"మేం వదిలేస్తామమ్మా, వాళ్లని వదలమను," అన్నాడు సత్తిబాబు.

ఆ ట్యాంకుల్లో లోపలి పాత్రను బయటి పాత్ర పైభాగం నుంచి వేలాడదీసి ఉంచేది మెడే. రెండు వైపులా లాగితే బరువంతా మెడ మీద పడుతుంది. మెడ విరిగింది. మూత, మెడ, ఒక పిడి రాజుబండ వాళ్ల చేతుల్లోకి వచ్చాయి. శరీరం చెలిమిపాలెం వైపు ఒరిగింది. నత్రజని రోడ్డు మీద పారింది. తెల్లటి పొగమంచు మోకాళ్ల దాకా లేచింది. నలుగురూ దూరంగా జరిగారు.

గొట్టాలు రోడ్డు మీద దొర్లాయి. సోమవారం ఎండ బాగానే ఉంది. కొన్ని గొట్టాలు చిన్న చప్పుడుతో పగిలాయి. హైమావతి చున్నీ చేతికి చుట్టుకుని అందినన్ని ఏరింది. ఆ చలికి ఆమె రెండు వేళ్లు కాలాయి. కణాలు గాలిలో తమంతట తామే కరిగితే పోతాయి. త్వరగా గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, కడిగి, పోషక ద్రవంలో వేసి, ఒంటి వేడిలో ఉంచాలి. గోరువెచ్చటి నీళ్లు ల్యాబ్‌లో ఉన్నాయి. పోషక ద్రవం ఫ్రిజ్‌లో ఉంది. ఇంక్యుబేటర్ రాజుబండలో ఉంది.

సంస్థకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క, కోడిపిల్లల హేచరీ ఉంది. యజమాని సీతామహాలక్ష్మి. హైమావతి ల్యాబ్‌లో కణాలను కరిగించి, కడిగి, పోషక ద్రవంతో ఒక ఫ్లాస్కులో పోసి, మూత బిగించి, చున్నీలో చుట్టుకుని రోడ్డు దాటింది. ఆ సమయంలో సీతామహాలక్ష్మి గుడ్ల ట్రేలు దింపించుకుంటున్నారు.

"అండీ, మీ పొదిగే పెట్టెలో వేడి ఎంతుంటుందండి?"

"తొంభై తొమ్మిదిన్నర. ఎందుకూ?"

"ఒంటి వేడి కంటే కాస్త ఎక్కువ. పర్వాలేదండి. ఒక సీసా పెట్టుకోనిస్తారా?"

సీతామహాలక్ష్మి ఆమెను పై నుంచి కింద దాకా చూశారు. "నువ్వు ఎదురు ఆఫీసు పిల్లవి కదూ. మా వాసనకి మీ సైన్సు పాడైపోతోందని కలెక్టరాఫీసుకి కాయితం పెట్టింది మీరేగా."

"నేను పెట్టలేదండి."

"నువ్వు పెట్టి ఉండవులే. నీకా చేతులేంటి, కాలినట్టున్నాయి?" ఆమె పనిమనిషిని కేకేసి ఆయింట్‌మెంట్ తెమ్మన్నారు. "ఆ సీసాలో ఏముంది?"

"కణాలండి. మనిషివి."

"మనిషివా." ఆమె చున్నీ మడత తీసి సీసాను చూశారు. "పిల్లలు లేస్తాయా?"

"లేవవండి."

"అయితే పెట్టుకో. లేచేవైతే మేం లెక్క చూపించాలి. కింద వరసలో పెట్టు, పై వరసలో ట్రేలు తిరుగుతాయి."

సాయంత్రానికి ఏరిన వాటిలో ఒక గొట్టానికి సరిపడా కణాలే బతికాయి. ఫ్లాస్కు అడుగుకు అతుక్కున్నాయి. అతుక్కోవడం బతికినందుకు గుర్తు. ఆ ఒక్క ఫ్లాస్కులో ఉన్నవే ఇప్పుడు ఆమె ఐదేళ్లు.

సంఘటనపై ఇద్దరు డైరెక్టర్లూ నివేదికలు పంపారు. ట్యాంకు శరీరం చెలిమిపాలెంలోనే ఉన్నందున ట్యాంకు తరలిపోలేదని పరాంకుశం రాశారు. ట్యాంకు మెడ, మూత, పిడి రాజుబండ చేరినందున తరలింపు విజయవంతమైందని ఓబుల్ రెడ్డి రాశారు. రెండు నివేదికల్లో ఏదీ అబద్ధం కానందున సంఘం రెండింటినీ ఆమోదించింది. ఒక ఆస్తి ఏకకాలంలో రెండు కేంద్రాలకూ అందడం ఇదే ప్రథమమని రామభద్రరాజు ప్రశంసాపత్రంలో పేర్కొన్నారు.

హైమావతి రోడ్డు దాటడం సత్తిబాబు చూశాడు. చూసింది చెప్పడం అతని విధి. బుధవారం సంఘం నుంచి మరో ఉత్తర్వు వచ్చింది. హేచరీ ఆవరణలో ఉన్న ఫ్లాస్కు సంస్థ ఆస్తి అనీ, దాన్ని రెండు కేంద్రాలూ సమానంగా, సంపూర్ణంగా స్వాధీనం చేసుకోవాలనీ దాని సారాంశం. గురువారం ఉదయం హేచరీ గేటు ముందు రాజుబండ వ్యాన్, చెలిమిపాలెం జీపు పక్కపక్కనే ఆగాయి.

సీతామహాలక్ష్మి గేటు ఊచల వెనక నుంచి మాట్లాడారు.

"ఎవరు బాబూ?"

"సంస్థ నుంచండి. ఫ్లాస్కు కోసం," అన్నాడు సత్తిబాబు.

"నువ్వు?"

"మేమూ సంస్థేనమ్మా," అన్నాడు దస్తగిరి.

"రెండు సంస్థలా?"

"ఒకటేనమ్మా."

"ఒకటైతే ఒకళ్లు రండి. నా దగ్గర ఉన్నది ఒక సీసా. మొన్న మీరు ఎదురుగా ఏం చేశారో నేను చూశాను. ఇక్కడ గుడ్లుంటాయి. ఎవరొస్తారో మీలో మీరు తేల్చుకుని, మీ పెద్దాయన చేత ఒక్క కాయితం రాయించుకు రండి. అప్పుడు తీస్తాను." ఆమె తాళం వేసి లోపలికి వెళ్లారు.

ఇద్దరూ ఫోన్లు చేశారు.

"ఏమంటాడన్నా మీ సారు?"

"తగ్గొద్దన్నాడండి. మీ ఆయనా?"

"అదే."

మధ్యాహ్నం సత్తిబాబు క్యారేజీ విప్పాడు. దస్తగిరికి రొయ్యల కూర పెట్టాడు. దస్తగిరి రాగి సంగటి ముద్ద ఇచ్చాడు. తినడం అయ్యాక ఎవరి బండిలో వాళ్లు పడుకున్నారు.

ఏ డైరెక్టర్ తరఫు మనిషికి ఫ్లాస్కు ఇవ్వాలో స్పష్టం చేయమని హేచరీ నుంచి అందిన వినతిని పరిశీలించడానికి సంఘం ఇద్దరు విచారణాధికారులను నియమించింది. ఇద్దరికీ సమాన అధికారాలున్నాయి. విచారణ ఎక్కడ జరపాలన్న దానిపై వారి మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు సాగుతున్నాయి. వారం గడిచింది. జీపు, వ్యాన్ కదల్లేదు. ఎవరు ముందు కదిలితే వారు హక్కు వదులుకున్నట్టని రెండు కేంద్రాలూ డ్రైవర్లకు తెలియజేశాయి. గేటు పక్క ఒకాయన టీ బండి పెట్టాడు. వ్యాన్ కింద హేచరీ కుక్క ఈనింది.

ఉత్తర్వులో ఫ్లాస్కు అని మాత్రమే ఉంది. గాజు పలకల ప్రస్తావన లేదు. హైమావతి కొన్ని కణాలను పలచటి గాజు పలకల మీద పెంచింది. వాటిని టిఫిన్ క్యారేజీ పై గిన్నెలో పెట్టుకుని రోజూ రోడ్డు దాటి, సిమెంటు దిమ్మకు బిగించిన సూక్ష్మదర్శిని దగ్గరికి వెళ్లేది. మొదటి రోజు సత్తిబాబు ఆపాడు.

"ఏంటమ్మా అందులో?"

"అన్నం."

"పై గిన్నెలో?"

"కణాలు."

సత్తిబాబు జేబులోంచి ఉత్తర్వు తీసి చదివాడు. దస్తగిరికి ఇచ్చాడు. దస్తగిరి కూడా చదివాడు.

"ఫ్లాస్కు అని ఉంది. గిన్నె అని లేదు," అన్నాడు దస్తగిరి. "పో తల్లీ, చల్లారిపోతాది."

నెల లోపల ప్రయోగం పూర్తయింది. బతికిన కణాల్లో ఇంచుమించు సగం వాటిల్లో పాత కొక్కెం పని మానేసింది. మిగతా వాటిల్లో కొత్తది మానేసింది. రెండూ పనిచేస్తున్న కణం ఒక్కటి కూడా కనిపించలేదు. ఫొటోలో ఒక్కో క్రోమోజోము మీద రెండు కొక్కేల చోట్లూ గుర్తించి ఉన్నాయి. పనిచేసే కొక్కేన్ని చూపే ఆకుపచ్చ చుక్క ఒక్క చోటే ఉంది. హైమావతి ఆ ఫొటోను పరీక్షకుడికి పంపింది.

ఫలితం తెలిసి పరాంకుశం ఒకసారి, ఓబుల్ రెడ్డి ఒకసారి ఫోన్ చేశారు. సగం సగం అని హైమావతి ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ మళ్లీ లెక్కపెట్టమన్నారు. మళ్లీ లెక్కపెట్టినా అంతే వచ్చింది. సంఘం ఈ ఫలితాన్ని స్వాగతించింది. పాత కొత్త కేంద్రాల మధ్య ప్రకృతి వివక్ష చూపదని శాస్త్రీయంగా రుజువైనందున, ఈ విధానాన్ని మిగతా సంస్థలకు విస్తరించాలని సిఫార్సు చేసింది. రెండూ పనిచేస్తున్న కణం దొరకలేదన్న వాక్యం సంఘం నివేదికలో లేదు.

పరీక్షకుడి జవాబు శుక్రవారం వచ్చింది. ఫొటో చూశాననీ, సందేహాలు తీరాయనీ, పట్టా ఇవ్వవచ్చనీ రాశారు. యేసుపాదం ఆ ఉత్తరాన్ని హేచరీకి తీసుకెళ్లి హైమావతికి ఇచ్చారు. సీతామహాలక్ష్మి టీ బండి దగ్గర అందరికీ టీ చెప్పారు. జీపులోకి ఒకటి, వ్యాన్‌లోకి ఒకటి కూడా పంపారు.

శనివారం యేసుపాదం సంస్థ కార్యాలయం నుంచి పట్టా కాయితం తెచ్చారు. హైమావతి పేరు, థీసిస్ పేరు అప్పటికే అచ్చయి ఉన్నాయి. అడుగున డైరెక్టర్ సంతకం కోసం ఒక్క గీతే ఉంది.